పైనుంచి వచ్చినా దిగాల్సింది తీగలోకే

ఉపగ్రహ ఇంటర్నెట్ వస్తోందనగానే ఊళ్లకు ఫైబర్ తవ్వకాలు దండగన్న మాట మొదలైంది. 2025 జూన్‌లో స్టార్‌లింక్‌కు టెలికాం శాఖ లైసెన్సు ఇచ్చాక ఆ మాటకు బలం పెరిగింది. నిజామాబాద్ జిల్లా ధర్పల్లి లాంటి మండల కేంద్రం వైపు నుంచి చూస్తే లెక్క వేరేగా తేలుతుంది. ఉపగ్రహ డిష్షు ఇంటింటికీ పెట్టుకునేది కాదు, ఊరుమ్మడిగా ఉండి తీరాల్సింది.

మన టీవీ డిష్షులు చూసే ఉపగ్రహాలు 35,786 కిలోమీటర్ల ఎత్తున భూమితో సమంగా తిరుగుతాయి. డిష్షును ఒకసారి బిగిస్తే మళ్లీ కదపక్కర్లేదు. కానీ అంత దూరం డేటా వెళ్లి జవాబు రావడానికి దాదాపు అర సెకను పడుతుంది. ఆ ఉపగ్రహాల మీదుగా ఫోన్ చేస్తే ఇద్దరూ ఒకేసారి మాట్లాడేసి, ఒకేసారి ఆగిపోయేది అందుకే. స్టార్‌లింక్ ఉపగ్రహాలు 550 కిలోమీటర్ల చుట్టుపక్కలే ఉంటాయి కాబట్టి ఆ ఇబ్బంది దాదాపు పోయింది. బదులుగా మరో చిక్కు వచ్చింది. గంటకు 27,000 కిలోమీటర్ల వేగంతో పోయే ఉపగ్రహం ఒక ఊరికి కొద్ది నిమిషాలే కనిపిస్తుంది. ఒకటి దాటేలోగా ఇంకోదాన్ని అందుకోవాలి. డాబా మీద పెట్టే పలకలాంటి డిష్షు ఆ పని మెడ తిప్పకుండానే చేస్తుంది. దాని లోపల వందల బుల్లి యాంటెన్నాలుంటాయి. వాటి తరంగాలను ఒకదానికొకటి రవ్వంత ముందూ వెనకా చేస్తే, అన్నీ కలిసి కోరిన దిక్కులోనే బలపడతాయి.

ఉపగ్రహాల మధ్య లేజర్ లింకులున్నాక కింద తీగలెందుకని అడిగేవారున్నారు. నడిసముద్రంలో ఓడకు ఆ లింకులే ప్రాణం. దాని డేటా కాంతి రూపంలో ఒక ఉపగ్రహం నుంచి మరో ఉపగ్రహానికి చేరుతూ, గ్రౌండ్ స్టేషన్ ఉన్నచోట దిగుతుంది. మన దగ్గర మాత్రం 2025 మే నాటి భద్రతా నిబంధనల ప్రకారం ఇక్కడి వాడకందారుల డేటా ఇక్కడి గేట్‌వే గుండానే పోవాలి. అది సబబైన షరతే. అంటే ధర్పల్లి డేటా ఆకాశంలో ఎన్ని చేతులు మారినా చివరికి దేశంలోనే దిగి ఫైబర్ ఎక్కాలి. 2022, 2023ల్లో ఇస్రో శ్రీహరికోట నుంచి పంపిన మరో ఉపగ్రహ ఇంటర్నెట్ కంపెనీ వన్‌వెబ్ 72 ఉపగ్రహాలకైతే లేజర్ లింకులే లేవు. పైగా ఉపగ్రహం నుంచి వచ్చే సామర్థ్యాన్ని ఆ ప్రాంతమంతా పంచుకోవాలి. దేశంలో స్టార్‌లింక్ కనెక్షన్లు 20 లక్షలకు మించవని కేంద్ర సహాయమంత్రి, గుంటూరు ఎంపీ పెమ్మసాని చంద్రశేఖర్ 2025 జులైలో చెప్పారు. దేశంలో ఊళ్లే ఆరు లక్షల పైచిలుకు. సమంగా పంచినా ఊరికి మూడు! ఇంటింటికీ నెట్ ఇవ్వాల్సిన భారం ఫైబర్‌దే.

అయితే ఆ మూడూ ఎక్కడుండాలన్నదే అసలు ప్రశ్న. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల్లో కుండపోతకు రోడ్లు కోసుకుపోయాయి, రైళ్లు నిలిచాయి. అలాంటి రోజున రోడ్డు పక్కన పాతిన కేబుల్ మాత్రం ఉంటుందా? 2022 జనవరిలో అగ్నిపర్వతం పేలి సముద్రగర్భ కేబుల్ తెగినప్పుడు టోంగా దీవులను ఉపగ్రహ డిష్షులే ఆదుకున్నాయి. ఉత్పాతాల దాకా ఎందుకు, నిజామాబాద్ మార్కెట్ యార్డు 2016లోనే జాతీయ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్‌లో చేరింది. పసుపు రాశులు పోసిన సీజన్లో నెట్ తెగితే ఆన్‌లైన్ బిడ్డింగ్ ఆగుతుంది, రైతు కొమ్ముల పక్కనే కూర్చోవాలి. పంచాయతీకి, ఆసుపత్రికి, యార్డుకు ఒక్కో డిష్షు చాలు.

జోరువానలో ఆ సిగ్నలూ పోతుందన్న ఆక్షేపణ నిజమే. కానీ వాన ఉధృతి తగ్గగానే సిగ్నల్ తిరిగొస్తుంది, కొట్టుకుపోయిన కేబుల్ దానంతటది అతుక్కోదు. విదేశీ కంపెనీని నమ్ముకోవడమేమిటన్నది ఇంకా గట్టి అభ్యంతరం. 2025 జులై 24న సాఫ్ట్‌వేర్ లోపంతో స్టార్‌లింక్ ప్రపంచవ్యాప్తంగా రెండున్నర గంటలు ఆగింది. కాబట్టే దాన్ని ఫైబర్‌కు తోడుగానే పెట్టుకోవాలి, బదులుగా కాదు. ఇంకో సంగతి, ఆ పలకకు 50 నుంచి 100 వాట్ల కరెంటు కావాలి. వరద రాత్రి ముందుగా పోయేది కరెంటే. డిష్షు కొనే టెండరులోనే బ్యాటరీనీ, సోలార్ పలకనూ రాయించాలి.