మెట్టు తప్పిన యంత్రం

తెలుగు బోధించేవాడికి యంత్రశాల గొడవ దేనికని కొందరు మిత్రులు నవ్వవచ్చు. నా సమాధానం చివర విన్నవిస్తాను.

2010 ఆగస్టు 23న అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, థియొడోర్ అనేచోట, ఒక శీతల గిడ్డంగి పైకప్పు మీది 12 అంగుళాల అమోనియా గొట్టం పగిలింది. 32,000 పౌన్ల అమోనియా వెలువడింది. నది ఆవలి ఒడ్డున పనిచేస్తున్నవారు, ఓడ సిబ్బంది కలిసి 152 మంది అస్వస్థులయ్యారు. వారిలో 32 మంది ఆసుపత్రి పాలయ్యారు.

కారణమేమి? శీతల గదులలోని గొట్టపు చుట్టలపై మంచు పేరుకుంటుంది. దానిని కరిగించడానికి వేడి అమోనియా వాయువును లోపలికి పంపుతారు. పని ముగిసిన పిదప ఆ పీడనాన్ని మెల్లగా దించి, ఆ తరువాతనే చుట్టను చల్లని గొట్టంతో కలపాలి. అక్కడ సుమారు ఏడు గంటలు విద్యుత్తు ఆగి, తిరిగి వచ్చింది. హెచ్చరికలను తొలగించే ప్రయత్నంలో ఆ క్రమం నడుమనే తెగిపోయింది. చుట్టలో వేడి వాయువు నిలిచి ఉన్నదని నియంత్రణ యంత్రం గుర్తించలేదు. పీడనం దించే మెట్టు దాటిపోయింది. వేడి వాయువు ఒక్కసారిగా చల్లని గొట్టంలోకి దూసుకుపోయి, అక్కడి ద్రవాన్ని తరిమింది. ఆ ద్రవం సుత్తివలె గొట్టాన్ని మోదింది.

తప్పంతా మీట నొక్కిన వేలిదే అనడం సులభం. నేను అంగీకరించను. ఒక మీటతో ముఖ్యమైన మెట్టునే దాటనిచ్చే యంత్రాన్ని అమర్చినవారి బాధ్యత ఏమైంది? శిక్షణ పొందినవారు తప్ప ఇతరులు ఆ క్రమాన్ని మార్చలేని కట్టుదిట్టం ఉండాలని దర్యాప్తు జరిపిన ప్రభుత్వ సంస్థ 2015లో హితవు చెప్పింది.

అయితే శిక్షణ ఏ భాషలో? గుంటూరు మిరప గిడ్డంగులలో, కోస్తా రొయ్యల కర్మాగారాలలో అమోనియాయే చలిని పుట్టిస్తున్నది. మన విద్యార్థులలో కొందరు రేపు అక్కడ కొలువు చేస్తారు. "ఇది నొక్కకు" అన్న ఆజ్ఞ కంఠస్థమైతే చాలదు. ఎందుకు నొక్కరాదో తెలిసినవాడే ఆపదవేళ నిలకడగా ఉంటాడు. ఆ "ఎందుకు" అన్నది అతని మాతృభాషలో చెప్పినప్పుడే మనసుకెక్కుతుంది.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి: ఏటా ఒక్కనాడైనా అనుభవజ్ఞుడైన ఇంజనీరును పిలిపించి, తెలుగులోను ఉర్దూలోను ఇటువంటి ఉపన్యాసాలు ఏర్పాటు చేయండి. భాష కవిత్వానికే కాదు, ప్రాణరక్షణకు కూడా. తెలుగు అధ్యాపకునికి ఈ గొడవ అందుకే.