రుషికొండ బోరుకూ తాటిపూడి తూముకూ ఒకే లెక్క ఉండాలి

రుషికొండ, సాగర్‌నగర్, ఎండాడ వాసులారా! మన నీటికి జవాబుదారు ఎవరంటే ఒక్క పేరు చెప్పలేం. కుళాయి విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీది. నగరానికి నీరిచ్చే తాటిపూడి జలాశయం విజయనగరం జిల్లాలో, గోస్తనీ నది మీద ఉంది. ఏలేరు నీరు 150 కిలోమీటర్లు కాలువలో ప్రయాణించి నగరానికీ ఉక్కు కర్మాగారానికీ చేరుతుంది. బోరుకు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం, తీరానికి మరో చట్టం. ఎవరి ఫైలు వారిదే, మొత్తం లెక్క అడగడానికి చోటే లేదు.

తీరంలో ఈ లోపం ఖరీదైనది. ఇక్కడ భూగర్భంలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. పైమట్టం ఒక అడుగు తగ్గితే అడుగున ఉప్పునీరు నలభై అడుగుల దాకా పైకి రాగలదని భూగర్భ జలశాస్త్రం చెబుతుంది. ఒక అపార్ట్‌మెంట్ లోతుగా తోడితే పక్కింటి బోరు కూడా ఉప్పబారవచ్చు. లాస్ ఏంజెలెస్ తీరంలోని వెస్ట్ బేసిన్ అనే భూగర్భ జల ప్రాంతంలోనూ సముద్రం బావుల్లోకి చొరబడింది. అక్కడి పట్టణాలు, నీటి కంపెనీలు, పరిశ్రమలు ఎవరెంత తోడుతున్నారో లెక్క తేల్చుకుని, కోర్టు ఆమోదంతో వాడకం తగ్గించుకున్నాయి. తీరం వెంట బావుల్లోకి మంచినీరు ఎక్కించి ఉప్పును ఆపాయి. పరిశోధకురాలు ఎలినార్ ఆస్ట్రమ్ 1965లో పీహెచ్‌డీ పొందింది ఈ బేసిన్ మీద అధ్యయనానికే. 2009లో ఆమెకు అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది. వాడుకునేవాళ్లకు నిర్ణయంలో చోటు, పై స్థాయిలో చట్టం అండ, రెండూ ఉంటే ఉమ్మడి నీరు నిలవగలదని ఆమె పరిశోధన చూపింది.

అన్నీ ఒకే పెద్ద సంస్థకు అప్పగిస్తే సరిపోదా అంటారు కొందరు. పైనుంచి చూసే అధికారికి వీధిలోని బోరు మట్టం కనిపించదు. వీధివాళ్లకు తాటిపూడి తూము అందదు. రెండు చోట్లా అధికారం ఉండాలి, రెండూ ఒకచోట కలవాలి. జనానికి ఇంత సాంకేతిక విషయం తెలుసా అన్నది మరో అనుమానం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని కరువు జిల్లాల్లో ఏపీఫామ్‌జీఎస్ అనే, రైతులే భూగర్భ జలాన్ని నిర్వహించుకునే పథకం కింద రైతులే వానను, బావి మట్టాలను కొలిచి, రబీకి ముందు నీటి బడ్జెట్ వేసుకున్నారు. మనకు చేతకాకపోవడమేమిటి? ఇంకో కమిటీ ఎందుకన్న ప్రశ్న మాత్రం న్యాయమైనది. అధికారం లేని కమిటీ దండగే. అందుకే మేం అడిగేది చట్టబద్ధమైన నీటి సభ.

అందులో వార్డుల ప్రతినిధులు, జీవీఎంసీ, జలవనరుల, భూగర్భ జల శాఖలు, పరిశ్రమలు ఉండాలి. తమ నీరు తమ పొలాలకే కావాలని ఏళ్లుగా అడుగుతున్న, నగరానికి నీరిచ్చే రైవాడ జలాశయం రైతులూ, తాటిపూడి ఆయకట్టు రైతులూ ఉండాలి. నగరం వాడుకునే నీటిలో వాళ్ల ఊళ్ల నీరూ ఉంది. ప్రతి బోరు మట్టం, ప్రతి జలాశయం విడుదల నెలనెలా వార్డు సచివాలయం గోడ మీద కనిపించాలి. మీ అపార్ట్‌మెంట్ సంఘంలో ఈ నెలే తీర్మానం చేసి, మీ కార్పొరేటర్‌కు, ఎమ్మెల్యేకు ఇవ్వండి.