రంగూన్ గుమాస్తా

అబర్డీన్ బజారులో గడియార స్తంభం దగ్గర ఒక అరగంట నిలబడితే చాలు, తెలుగు, బెంగాలీ, తమిళం, హిందీ అన్నీ చెవిన పడతాయి. ఆ మధ్య ఒక సాయంకాలం అక్కడి టీ దుకాణంలో మాకు ఒక వృద్ధ బెంగాలీ పెద్దమనిషితో పరిచయమైంది. దేశ విభజన తరువాత తూర్పు బెంగాలు నుండి వచ్చి ఈ దీవులలో స్థిరపడిన కుటుంబం వారిది. మేము తెలుగువారమని తెలియగానే, "శరత్‌బాబును చదివారా?" అని హిందీలో అడిగారు.

"ఎంత మాట దాదా! ఆయన మావాడే అనుకుంటూ పెరిగాము" అన్నాము.

ఇందులో అతిశయోక్తి లేదు. చక్రపాణి గారి అనువాదాలలో శరత్ మనకు తెలుగు రచయితగానే కనిపించారు. 1953 నాటి 'దేవదాసు', 1957 నాటి 'తోడికోడళ్ళు', 1961 నాటి 'బాటసారి' చిత్రాలకు మూలం ఆయన కథలే.

అయితే ఉద్యోగులమైన మనం గుర్తు పెట్టుకోవలసిన శరత్ మరొకరున్నారు. 1876లో హుగ్లీ జిల్లా దేవానందపురంలో జన్మించిన శరత్‌చంద్ర చట్టోపాధ్యాయకు పేదరికం వల్ల కళాశాల చదువు సాగలేదు. 1903లో బంగాళాఖాతం దాటి రంగూన్ చేరి, కొంతకాలానికి ప్రజాపనుల శాఖ లెక్కల కార్యాలయంలో గుమాస్తాగా కుదిరారు. అక్కడే ప్లేగు వ్యాధి ఆయన భార్యనూ, పసిబిడ్డనూ బలిగొన్నది. 1912లో ఇల్లు తగలబడి 'చరిత్రహీన్' నవల వ్రాతప్రతి బూడిదైపోయింది. ఆయన నిరాశతో కలం పారవేయలేదు. ఆ నవలనే తిరిగి వ్రాశారు. అది 1917లో గ్రంథరూపం దాల్చింది. 1916లో అనారోగ్యంతో ఉద్యోగం వదలి స్వదేశం చేరినా, ఆ బర్మా జీవితం వృథా కాలేదు. 1926లో వెలువడిన 'పథేర్ దాబీ'కి అదే రంగస్థలం. బ్రిటిష్ ప్రభుత్వం ఆ నవలను నిషేధించింది.

ఇదంతా ముచ్చటించుకున్నాక ఆ పెద్దమనిషి కాసేపు మౌనం వహించి, "మా నాన్నగారు ఇక్కడికి వచ్చిన ఓడ ప్రయాణం రాత్రుళ్ళు కథగా చెప్పేవారు. ఎవరమూ వ్రాసి పెట్టలేదు. ఇప్పుడు ఆయనా లేరు, నాకూ సగం మరపున పడింది" అన్నారు.

మాకు మనసు చివుక్కుమన్నది. శ్రీకాకుళం నుండి వచ్చి ఈ దీవులలో స్థిరపడిన మనవారి కథలెన్ని ఇలాగే జారిపోయాయో! మేమూ "పదవీ విరమణ కానీ, వ్రాద్దాం" అంటూ ముప్పయ్యేళ్ళు గడిపినవారమే. కాలిపోయిన వ్రాతప్రతిని తిరిగి వ్రాయవచ్చునని శరత్ నిరూపించారు. అసలు వ్రాయనిదానిని ఎవరు తిరిగి తేగలరు?

ఆ రాత్రి బసకు చేరగానే ఒక నోటుపుస్తకం తెరిచాము. పాఠక మిత్రులు కూడా తెరుస్తారని ఆశిస్తున్నాము.