చెరకుకు రుద్రూరు ఉన్నది, చెరకు కొట్టిన చేతులకు ఏమున్నది?

నిజామాబాద్ జిల్లా రుద్రూరులో చెరకు మీద, వరి మీద పరిశోధన చేసే కేంద్రం ఉన్నది. గడకు ఎర్రకుళ్లు ఎట్లా వస్తది, ఏ నేలకు ఏ రకం సరిపోతది అని తేల్చడానికి అక్కడ శాస్త్రవేత్తలున్నారు. మంచిదే. పంటను ఉన్నచోట చూడాలె, ఆ నేల మీదనే పరీక్షించాలె, తేలిన సంగతి ఆ రైతుకే చెప్పాలె. పరిశోధన అంటే అదే. మరి ఆ చెరకు కొట్టిన మనిషికి, ఆ మనిషి ఇంట్ల బీడీలు చుట్టే ఆడిదానికి, ఆమె ఒళ్లో చంటిబిడ్డకు ఇదే మర్యాద ఎందుకు దక్కదు?

బోధన్ కథ అందరికీ తెలిసిందే. 1937లో మొదలైన నిజాం చక్కెర ఫ్యాక్టరీ శక్కర్‌నగర్‌కు పేరు తెచ్చింది. 2002లో అందులో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడాది, 2015 డిసెంబరులో లేఆఫ్ నోటీసు పడింది. ఫ్యాక్టరీ గురించి మనం చాలా రాసినం, చాలా అరిచినం. ఫ్యాక్టరీ చుట్టూ బతికిన ఒంటి గురించి మాత్రం రాసింది తక్కువ. కీళ్లు, ఎముకలు, చనుబాలు: ఈ మూడు మాటలు మన సభల్లో వినబడవు. కానీ వర్ని నుంచి నవీపేట దాకా ఏ వాడకు పోయినా ఆడవాళ్ల నోట వినబడేవి ఇవే.

మోకాళ్లు మనవి, పాఠం లోకానిది

పరిశోధన మన దగ్గర జరగనే లేదని మేం అనడం లేదు. జరిగింది. ఎట్లా జరిగిందో చూద్దాం.

1973లో హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఇంగ్లండు వైద్య పత్రిక లాన్సెట్‌లో ఒక వ్యాసం రాసినరు. ఫ్లోరైడ్ నీళ్లు తాగే ప్రాంతంలో పిల్లలకు మోకాళ్లు ఒకదానికొకటి తగిలేటట్టు వంకర పోతున్నయని, ఎముకలు గుల్లబారుతున్నయని చెప్పినరు. అప్పటిదాకా ఫ్లోరైడ్ అంటే ఎముక గట్టిపడి, వెన్ను వంగని జబ్బు అనే అనుకునేవాళ్లు. మన తిండి, మన జొన్న, మన నీళ్లల్ల ఉన్న రాగి, మాలిబ్డినం లెక్క కూడా చూడాలని ఆ పని తరువాత తెలిసింది. అది గొప్ప పరిశోధన. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

నీళ్లల్ల ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఒకటి 1970లలోనే తయారైంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో చేసే ఆ పద్ధతికి పేరేంది? నల్లగొండ టెక్నిక్! ప్రపంచంలో ఫ్లోరైడ్ ఉన్న ప్రతి దేశం పుస్తకంలో నల్లగొండ పేరున్నది. మరి నల్లగొండ పిల్లగాడికి? కృష్ణా నీళ్ల కోసం ధర్నాలు చేయాల్సి వచ్చింది, పాదయాత్రలు చేయాల్సి వచ్చింది. ఇంటింటికీ నల్లా అని మిషన్ భగీరథ మొదలైంది 2016 ఆగస్టులో. లాన్సెట్ వ్యాసానికీ దీనికీ నడుమ 43 ఏళ్లు. ఆ నడుమ పుట్టి, పెరిగి, వంగిపోయిన తరానికి ఎవరు జవాబు చెబుతరు?

తప్పు శాస్త్రానిది కాదు. తెలిసింది తెలిసిన చోటనే ఆగిపోయింది. తార్నాకలో తెలిసింది లండన్‌కు పోయింది, మర్రిగూడకు రావడానికి రెండు తరాలు పట్టింది. బోధన్‌ల ఇది మళ్లీ జరగొద్దనేదే మా మాట.

బీడీల నొప్పి అని కొట్టిపారేస్తే

పొద్దున లేచి చాట ముందట కూర్చుంటే పొద్దుగూకే దాకా మెడ వంచి, వేళ్లు ఆడించే పని బీడీది. తునికాకు కత్తిరించుడు, తంబాకు నింపుడు, దారం చుట్టుడు. వేళ్లు నొప్పి అంటే ఇంట్లోవాళ్లు "బీడీల నొప్పే" అంటరు. చెరకు నరికే మనిషి మోకాలు నొప్పి అంటే "పనిల నొప్పే" అంటరు. చాలా వరకు నిజమే. కానీ అన్నీ పని నొప్పులు కావు.

మన ఒంటిని కాపాడాల్సిన రక్షణ శక్తి మన కీళ్ల మీదనే తిరగబడే జబ్బు ఒకటి ఉన్నది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటరు, మనం కీళ్లవాతం అంటం. ఇటువంటి వాటినే ఆటోఇమ్యూన్ జబ్బులు అంటరు. ఇవి మగవాళ్ల కంటే ఆడవాళ్లకు ఎక్కువ వస్తయి. గుర్తు పట్టడం పెద్ద బ్రహ్మవిద్య కాదు. రెండు చేతుల చిన్న వేళ్ల కీళ్లు వాస్తయి. పొద్దున లేచినంక గంటసేపైనా పిడికిలి పట్టదు. పని చేసినకొద్దీ కొంచెం సాగుతది. ఇది ఆరు వారాలు దాటిందంటే అది పని నొప్పి కాదు, డాక్టరు చూడాల్సిన జబ్బు. మొదటి నెలల్లోనే మందు పడితే వేళ్లు వంకర పోకుండా ఆపవచ్చు. ఏండ్లు గడిచినంక పోయిన కీలు తిరిగి రాదు.

ఇది ఎంతమందికి ఉంటది? లెక్క ఎట్లా తెలుస్తది? మన పక్క రాష్ట్రంలో తీసి చూపించినరు. పుణె జిల్లాల భిగ్వన్ అనే ఊరున్నది. అది కూడా చెరకు పండే ప్రాంతమే. 1996లో డాక్టర్ అరవింద్ చోప్రా బృందం ఆ ఊర్ల ఇల్లిల్లూ తిరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో నాలుగు వేల పైచిలుకు పెద్దవాళ్లను అడిగింది. వందలో దాదాపు 18 మందికి కీళ్ల, కండరాల బాధలున్నయి. కీళ్లవాతం ఉన్నవాళ్లు వెయ్యికి అయిదుగురు. ఇదే లెక్కన పదివేల మంది పెద్దలున్న చోట యాభై మంది ఉండాలె. బోధన్‌ల ఆ యాభై మంది ఎవరు? ఏ ఇంట్ల ఉన్నరు? ఎవరి దగ్గర ఏ సూది వేయించుకుంటున్నరు?

మందు లేదా అంటే ఉన్నది. భీమవరంలో పుట్టి అమెరికా పోయిన యల్లాప్రగడ సుబ్బారావు, 1940లలో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్ మీద చేయించిన పని నుంచే మెథోట్రెక్సేట్ పుట్టింది. మొదట పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడినరు. 1988లో కీళ్లవాతానికి అమెరికా అనుమతించింది. ఇయ్యాల ప్రపంచమంతా ఈ జబ్బుకు మొదట రాసేది దాన్నే. ఖరీదైనది కాదు. వారానికి ఒక్కసారి వేసుకోవాలె. రోజూ వేసుకుంటే ప్రాణం తీస్తది. ఈ ఒక్క మాట తెలుగులో, ఉర్దూలో చీటీ మీద పెద్దక్షరాలతో రాసిచ్చే ఏర్పాటు ప్రతి దవాఖానలో ఉండాలె.

బాలింత కాడ మూడూ కలుస్తయి

అసలు చిక్కు ఇక్కడ ఉన్నది. కీళ్లవాతం ఉన్న చాలామంది ఆడవాళ్లకు కడుపుతో ఉన్నప్పుడు నొప్పులు తగ్గుతయి. కాన్పు అయిన కొన్ని వారాలకు, నెలలకు మళ్లీ ఎగదన్నుతయి. సరిగ్గా బిడ్డ చనుబాల మీద ఉన్నప్పుడు! మెథోట్రెక్సేట్ కడుపుతో ఉన్నప్పుడు వేసుకోవద్దు, పాలిచ్చేటప్పుడూ వద్దంటరు. అప్పుడు ఆమె ఏం చేయాలె? పాలు మాన్పించి డబ్బా పాలు పట్టమని ఒకరు చెబుతరు. ఊర్ల ఆర్‌ఎంపీ దగ్గర స్టెరాయిడ్ సూది పొడిపించుకోమని ఇంకొకరు చెబుతరు. సూదితో రెండు రోజుల్ల నొప్పి మాయమైతది. కానీ స్టెరాయిడ్ ఎక్కువ మోతాదుల్ల నెలల తరబడి వాడితే ఎముక గుల్లబారుతది. ఆ నష్టం మొదటి నెలల్లోనే జోరుగా జరుగుతది. పాలిచ్చే తల్లి ఎముకలో కాల్షియం మామూలుగానే కొంత తగ్గుతది, పాలు మాన్పినంక తిరిగి చేరుతది. దాని మీద స్టెరాయిడ్, దాని మీద పొద్దంతా ఎండ తగలని మూలన బీడీల పని, దాని మీద పాలు, గుడ్డు దొరకని తిండి. ఇగ ఆ ఎముకకు దిక్కేది?

మన ఎండకు విటమిన్ డి కొదవ లేదనుకుంటం. తిరుపతి దగ్గర స్విమ్స్ వైద్యులు 2000లలో చేసిన పరిశోధనలు ఆ భ్రమ తీసేసినయి. ఎండ ఎక్కువున్న చోట కూడా కొరత ఉన్నదని, పట్నం మనిషి కంటే పొలంల పనిచేసే మనిషి నయమని తేలింది. మరి ఊర్ల ఉండి కూడా పొద్దంతా ఇంట్లనే కూర్చునే బీడీ కార్మికురాలు ఏ లెక్కల వస్తది? అడగాల్సిన ప్రశ్న ఇదీ. పొగ తాగుడు కీళ్లవాతాన్ని పెంచుతదని ప్రపంచం ఒప్పుకున్నది. పొగ తాగకుండనే రోజంతా తంబాకు దుమ్ము పీల్చే ఆడిదాని సంగతి ఏంది? దీనికి జవాబు వెతకడానికి బోధన్ కంటే సరైన చోటు ఏది?

పాలు మాన్పించుడే దారి కాదని కూడా శాస్త్రం చెబుతున్నది. కరోనా కాలంలో పేరు మోగిన హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజిన్, తక్కువ మోతాదు ప్రెడ్నిసలోన్ పాలిచ్చే తల్లికి ఇవ్వదగినవేనని యూరప్, అమెరికా కీళ్ల వైద్య సంఘాలు మార్గదర్శకాలు రాసినయి. అంటే సరైన డాక్టరు కంట్ల పడితే తల్లి వేళ్లూ దక్కుతయి, బిడ్డకు పాలూ దక్కుతయి. కావాల్సింది ఆ డాక్టరు ఆమెకు అందుబాట్ల ఉండుడు.

చెప్పి చూసినరు, పనిచేసింది

పసిబిడ్డ తిండి మీద మన దగ్గర జరిగిన మంచి పరిశోధన ఒకటి గుర్తు చేయాలె. జాతీయ పోషకాహార సంస్థ, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి నల్లగొండ జిల్లాలో 60 ఊర్లు తీసుకున్నరు. దాదాపు 600 మంది తల్లీబిడ్డలు. మూడు నెలల వయసు నుంచి పదిహేను నెలల దాకా ఇంటికి పోయి, ఆరు నెలలు నిండినంక ఏం పెట్టాలె, ఎట్లా పెట్టాలె, బిడ్డ ఆకలి సైగ ఎట్లా గుర్తు పట్టాలె అని చెప్పినరు. ఫలితాలు 2013లో వచ్చినయి. చెప్పిన ఊర్లల్ల బిడ్డలు మెరుగ్గ తిన్నరు. ఆటపాటలతో తినిపించుడు కూడా నేర్పిన ఊర్లల్ల బిడ్డల బుద్ధి వికాసం పెరిగింది. ఊరి ఆడపిల్లలకే శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపిన పని అది.

కానీ బీడీ ఇంట్ల మాట చెబితే సరిపోదు, టైం కావాలె. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి లెక్క. బిడ్డకు పాలిచ్చే ప్రతి పావుగంటకు కూలి తెగుతది. 1966 బీడీ కార్మికుల చట్టం ప్రసూతి చట్టాన్ని ఇంట్ల కూర్చుని చుట్టేవాళ్లకు కూడా వర్తింపజేసింది. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది. కాగితం మీద. ఇంటి కార్మికురాలికి ఆ 26 వారాల కూలి ఏ ఠేకేదారు చేతిలో పెట్టిండో చూపించుమనండి! 2025 నవంబరులో ఆ పాత చట్టాల స్థానంలో లేబర్ కోడ్‌లు వచ్చినయి. చట్టం పేరు మారితే హక్కు మాయం కావద్దు. 2015లో మొదలైన బీడీ భృతి మంచిదే, కానీ భృతి వేరు, బాలింత కూలి వేరు.

సంతకం ఎవరిది?

పరిశోధన రావాలంటున్నం గనుక ఒక హెచ్చరిక కూడా చేయాలె. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాను సుమారు 14 వేల మంది ఆడపిల్లలకు వేసినరు. చాలామంది గిరిజన హాస్టల్ పిల్లలు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేసినరు. చనిపోయిన పిల్లల మరణాలకు టీకా కారణం కాదని విచారణలో చెప్పినరు. టీకా పనికొచ్చేదే కావచ్చు. కానీ తల్లిదండ్రులు పెట్టాల్సిన చోట హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నయని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తప్పుపట్టింది. మనల్ని లెక్కల్ల అంకెగా చూసే పరిశోధన మనకు వద్దు. మాకు చెప్పి, మా భాషల్ల చెప్పి, మేం సరే అంటేనే చేసే పరిశోధన కావాలె.

మేం అడిగేది ఇది

నిజామాబాద్‌కు సర్కారు వైద్య కళాశాల 2013లో వచ్చింది. డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయం 2006 నుంచి ఉన్నది. తార్నాకలో పోషకాహార సంస్థ ఉన్నది. పంజాగుట్టలో నిమ్స్ ఉన్నది. నిమ్స్ పుట్టిందే నిజాం ఎముకల దవాఖానగా. ఈ నలుగురూ ఒక్క బల్ల చుట్టూ కూర్చుంటే భిగ్వన్‌ల జరిగింది బోధన్‌ల ఎందుకు జరగదు?

ఒకటి, బోధన్, ఎడపల్లి, రెంజల్, వర్ని, రుద్రూరు, కోటగిరి మండలాల్లో కీళ్లు, ఎముకలు, బాలింత, బిడ్డ తిండి మీద ఇంటింటి సర్వే చేయాలె. రెండు, తేలిన లెక్క తెలుగులో, ఉర్దూలో, మరాఠీలో గ్రామసభ ముందట చదవాలె. పత్రికల్ల అచ్చు కావడానికి ముందే. మూడు, బోధన్ సర్కారు దవాఖానలో వారానికి ఒకరోజు కీళ్లవాతం ఓపీ పెట్టాలె, మందులు అక్కడే ఇవ్వాలె. నాలుగు, ఇంట్ల చుట్టే బీడీ తల్లికి బాలింత కూలి అందాలె, పాలిచ్చే తల్లులున్న వాడల్ల శిశు సంరక్షణ కేంద్రం ఉండాలె.

విద్యార్థులారా, మీ ప్రాజెక్టులకు అంశాలు వెతుక్కోవాల్సిన పని లేదు, మీ అమ్మ చేతి వేళ్లను చూడండి. ఉద్యోగులారా, ఫైలు కదిలించేది మీరే. నీళ్ల లెక్క అడిగినం, నిధుల లెక్క అడిగినం, కొలువుల లెక్క అడిగినం. రాష్ట్రం వచ్చి పదేళ్లు దాటింది. ఒంటి లెక్క ఇంకా అడగలేదు. ఎర్రకుళ్లు పట్టిన గడను చూడడానికి శాస్త్రవేత్త పొలానికి వస్తడు. వేళ్లు వంకర పోతున్న తల్లిని చూడడానికి కూడా గడపకు రావాలె.