ముందు అంచు... తర్వాతే రంగు!

నగరి వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. ఎండీఎఫ్ బోర్డుతో చేయించుకున్న పుస్తకాల అల్మరాకు అసలు పరీక్ష అప్పుడే. తడి తగిలి అంచులు ఉబ్బాయంటే మళ్లీ అణగవు. మీద ఎన్ని పూతలు వేసినా ఆ ఉబ్బు దాగదు.

కారణం తయారీలోనే ఉంది. చెక్కను సన్నటి నారలుగా విడదీసి, జిగురు కలిపి, వేడితో గట్టిగా ఒత్తితే ఎండీఎఫ్ అవుతుంది. శ్రీకాళహస్తి దగ్గర గ్రీన్‌ప్యానెల్ కర్మాగారంలో తయారయ్యేది ఇదే. దీని పైభాగం గట్టిగా, నున్నగా ఉంటుంది. కోసిన అంచు మాత్రం నీటినీ రంగునీ స్పాంజిలా పీల్చేస్తుంది.

ఇంట్లోనే రంగు వేద్దామనుకుంటే ముందు అంచుల సంగతి చూడండి. 220 నంబరు గరుకు కాగితంతో రుద్దండి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్కు పెట్టుకుని, పిల్లల్ని దూరంగా ఉంచి, ఆరుబయట చేయాలి. తర్వాత పొడిగుడ్డతో తుడవాలి. తడిగుడ్డ వద్దు.

అంచులకు ఆయిల్ లప్పం పట్టించి, ఆరాక మళ్లీ రుద్దాలి. ఆపైన బోర్డంతా ఆయిల్ ప్రైమర్ వేసి, అంచులకు ఇంకో పూత ఇవ్వాలి. నీళ్లు కలిపే ప్రైమర్ వేస్తే నారలు పైకి లేస్తాయి. గోడవైపు కనిపించదు కదా అని వదిలేయొద్దు. ఒకవైపే రంగుంటే బోర్డు వంగిపోవచ్చు.

ప్రైమర్ పూర్తిగా ఆరాక 320 నంబరు కాగితంతో తేలిగ్గా రుద్ది, ఎనామిల్ రెండు పల్చటి పూతలు వేస్తే సరి. వాసన పోయేదాకా కిటికీలు తెరిచే ఉంచాలి, దగ్గర్లో పొయ్యి వెలిగించకూడదు.

చివరగా, అల్మరా కింద ప్లాస్టిక్ బుడిపెలు బిగించండి. ఇల్లు కడిగినప్పుడల్లా అడుగు తడిస్తే పడ్డ శ్రమంతా వృథా!