అర్రలో ఒక్కతే

మెట్‌పల్లి, కోరుట్ల పల్లెల్లో పొద్దుగూకే వేళ చాలా ఇండ్లల్లో కనిపించేదే. గోడకు ఆనుకొని ఒకామె కూర్చుంటుంది. ఒళ్లో చాట, అందులో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం. గూట్లో నిలబెట్టిన ఫోన్‌లో దుబాయిలోనో మస్కట్‌లోనో డ్యూటీ దిగిన పెనిమిటి. చాలాసేపు ఇద్దరూ ఏమీ మాట్లాడుకోరు. ఆమె వేళ్లు మాత్రం ఆగవు.

ఆమె ఒంటరిదా, కాదా? మాటల్లో ఏదో ఒకటి తేల్చాల్సి వస్తుంది. బొమ్మలో రెండింటినీ ఒకే వెలుతురులో ఉంచొచ్చు. కోపెన్‌హాగెన్‌లో చిత్రకారుడు విల్‌హెల్మ్ హామర్స్‌హోయ్ (1864–1916) ఆ పనే చేశాడు. స్ట్రాండ్‌గేడ్ వీధిలోని 30వ నంబరు ఇంట్లో 1898 నుంచి 1909 దాకా కాపురముండి, ఆ గదులనే మళ్లీ మళ్లీ గీశాడు. భార్య ఈడా చాలాసార్లు మనకు వీపే చూపుతుంది. ముఖం దాచినా ఆమె మెడ వంపు దగ్గర కుంచె ఎంత నిదానించిందో తెలుస్తుంది. ఆమె ఏకాంతాన్ని చెదరగొట్టకుండా పక్కనే ఉన్న మనిషి గీసిన బొమ్మలవి.

మన దగ్గర? వేములవాడ దిక్కు బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం ఇక్కడి ఆడవాళ్లను, పెద్ద బొట్టుతో, ముదురు రంగు చీరలతో, ప్రపంచానికి చూపారు. ఆ రుణం తీరేది కాదు. అయితే ఆ బొమ్మల్లో ఎక్కువగా మనిషి వెనక రంగే ఉంటుంది, ఇల్లుండదు. ఇల్లు చూడాలంటే ఆయనే కళాదర్శకత్వం వహించి జాతీయ అవార్డు పొందిన బి. నర్సింగరావు సినిమా ‘దాసి’ (1988) దగ్గరికి వెళ్లాలి. అర్చన నటించిన కమలాక్షి బతుకంతా గడి చాకిరీలోనే. అక్కడ దగ్గరితనమంటే దొర హుకుం. ఆమెకంటూ మిగిలింది ఒంటరితనమొక్కటే.

గడి అర్రలు తెరకెక్కాయి గానీ బీడీల అర్ర ఇంకా కాన్వాసు మీదికి రావాల్సే ఉంది. నీలిరంగు వెలిసిన గోడ, పెళ్లి ఫొటో, బీరువా మీద ఎయిర్‌పోర్టు చీటీ ఊడని సూట్‌కేసు, గల్ఫ్ నుంచి తెచ్చిన మందపాటి దుప్పటి: ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టే గీయాలి. ఆ అర్రలో పెరిగిన ఆడబిడ్డ గీస్తే మరీ మంచిది. బయటివాళ్లకు ముందు జాలి కలుగుతుంది. ఆమెకు ఏ వస్తువు ఎందుకు అక్కడుందో తెలుసు.

మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల చిత్రకారుల నుంచి ఇకపై మా పత్రిక ముఖచిత్రానికి ఇంటి లోపలి బొమ్మలు కోరుతున్నాం. బతుకమ్మలు, బోనాలు వద్దని కాదు. అవి మాకు చాలానే అందాయి.