గురి – గమనం

పొరపాటు చేయని మనిషి లోకంలో లేడు. పొరపాటు జరిగిన మరుక్షణంలో అతడేమి చేస్తాడన్న దానిని బట్టి అతని శీలం వెల్లడవుతుంది. ఈ సత్యాన్ని తన నియమాలలోనే ఇముడ్చుకొన్న క్రీడ బయాథ్లాన్. అందులో శిఖరాన్ని అందుకొన్న బెలారస్ క్రీడాకారిణి దార్యా దోమ్రచెవా జీవితం యువతకు పఠనీయమని నా అభిప్రాయం.

మంచు ఎరుగని మనకు ఈ క్రీడ కొత్తది. క్రీడాకారులు పాదాలకు స్కీలు తొడుక్కొని, వీపున కనీసం మూడున్నర కిలోల తుపాకిని మోస్తూ, మంచుబాటపై కిలోమీటర్ల కొద్దీ దూసుకుపోతారు. నడుమ నడుమ ఆగి 50 మీటర్ల దూరంలోని ఐదు లక్ష్యాలను కొట్టాలి. పడుకొని కాల్చేటప్పుడు లక్ష్యం వ్యాసం 45 మిల్లీమీటర్లు. నిలబడి కాల్చేటప్పుడు 115 మిల్లీమీటర్లు. అర్జునుడు నిశ్చలంగా నిలిచి మత్స్యయంత్రాన్ని ఛేదించాడు. ఇక్కడ మాత్రం గుండె దడదడలాడుతుండగా, ఊపిరి ఎగసిపడుతుండగా గురి చూడాలి. చాలా పోటీలలో ఒక్కొక్క గురి తప్పినందుకు 150 మీటర్ల దండన వలయాన్ని అదనంగా చుట్టి రావాలి. అది ముగియగానే ప్రధాన మార్గంలో చేరి పోటీ కొనసాగించవచ్చు. తప్పుకు మూల్యమున్నది గాని, తప్పినవారికి దారి మూసుకుపోలేదు.

దోమ్రచెవా 1986లో మిన్‌స్క్ నగరంలో జన్మించారు. ఆమె బాల్యం సైబీరియాలోని న్యాగన్ పట్టణంలో గడిచింది. అక్కడ స్కీయింగ్ నేర్చి, 1999లో బయాథ్లాన్ వైపు మళ్ళారు. తరువాత జన్మభూమి అయిన బెలారస్ పక్షాన పోటీలలో నిలిచారు. 2009లో జర్మనీలోని ఓబర్‌హోఫ్‌లో, పడుకొని కాల్చవలసిన తరుణంలో పరధ్యానంగా నిలబడి కాల్చారు. లోకమంతా చూస్తుండగా జరిగిన ఆ పొరపాటుతో నాటి పోటీ ఆమె చేజారింది. అయినా ఆమె కుంగిపోలేదు. మరుసటి ఏడాది వాంకూవర్ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం గెలుచుకొన్నారు.

2014లో సోచి ఒలింపిక్స్ తొలి పోటీలో ఆమెకు దక్కినది తొమ్మిదవ స్థానం. ఆ తరువాత వరుసగా మూడు పోటీలలో స్వర్ణ పతకాలు సాధించారు. ఒకే ఒలింపిక్స్‌లో బయాథ్లాన్‌లో మూడు స్వర్ణాలు పొందిన తొలి మహిళ ఆమెయే. ఆ మూడు పోటీలలో ఆమె 60 సార్లు కాల్చగా, ఒక్కొక్క పోటీలో ఒక్కొక్క గురి తప్పింది. అంటే ఆ స్వర్ణాలలో లోపమెరుగనిది ఒక్కటీ లేదు! అనారోగ్యం వల్ల 2015–16 క్రీడాకాలమంతా ఆమె పోటీలకు దూరమయ్యారు. 2016 అక్టోబరులో తల్లి అయ్యారు. 2017 జనవరిలో మళ్ళీ బరిలో దిగి, ఫిబ్రవరిలో ప్రపంచ పోటీలలో రజతం అందుకొన్నారు. 2018లో ప్యోంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో రిలే స్వర్ణంతో పాటు మరొక రజతాన్ని సాధించి, ఆ ఏడాదే విరమించారు.

తప్పును ఇంత తేలికగా తీసుకొంటే అలసత్వం పెరగదా అని కొందరు శంకించవచ్చు. బయాథ్లాన్ తప్పును ఉపేక్షించదు. దానికి తగిన కొలతలో దండిస్తుంది. జారిపోయిన గురిని తలచుకొంటూ తుపాకి ఎత్తినవారికి తరువాతి గురి కూడా తప్పుతుంది. దండనను అనుభవించి, తప్పును వెనుక విడిచి సాగడమే అక్కడ నిజమైన సాధన.

మన విద్యార్థులకు సప్లిమెంటరీ పరీక్ష అటువంటి దండన వలయమే. కొంత శ్రమ, కొంత కాలం వెచ్చిస్తే ప్రధాన మార్గం మళ్ళీ ఎదురవుతుంది. కాని పెద్దలు దెప్పిపొడుపులతో, పోలికలతో ఆ వలయాన్ని అంతులేనిదిగా మారుస్తున్నారు. ఒక్క పరీక్ష తప్పినంతనే బ్రతుకే ముగిసిందని పసిమనసులు భావించడానికి కారణమిదే. తప్పినవారిని తిరిగి బాటలోకి రానిచ్చే ఔదార్యం మంచుదేశపు క్రీడకున్నది. మన ఇళ్ళకూ, విద్యాలయాలకూ అది అలవడాలి. విద్యార్థులు సైతం తప్పిన గురిని లెక్కించడం మాని, ఎదుట మిగిలిన లక్ష్యాలపై దృష్టి నిలపాలి.